వాసు అడిగిన చేప

సువా
14 మార్చి 2007

మామయ్యా,

ఇక్కడ వాన. ఉత్తరం ఎప్పుడు మొదలుపెట్టినా ఈ మాటే రాస్తానని నువ్వు నవ్వుతావు గాని, ఈ సువా పట్నంలో చెప్పుకోవడానికి ఇంకేమీ జరగదు. గది గోడలకి బూజు పట్టింది. ఉతికిన బట్టలు ఆరకముందే వాసన కొడుతున్నాయి. నువ్వు మన దీవి నుంచి పడవలో పంపిన ఎండు చేప, కర్రపెండలం అందాయి. పక్క గది అమ్మాయికి కాస్త పెడదామని తలుపు తడితే, ఆమె ఖాళీ చేసి వెళ్ళిపోయి వారమైందని కింది ఇంటివాళ్ళు చెప్పారు. గోడకి అవతలే ఉంటూ నాకు తెలియనే లేదు.

నా ఉద్యోగమేమిటని చర్చిలో ఎవరో అడిగితే చెప్పలేక నీళ్ళు నమిలానని రాశావు. ఇకమీదట ఇలా చెప్పు: చేపకి ఈడు వచ్చిందో లేదో చూసే పని. బజారులో చేపలు కొంటాం, కొలుస్తాం, పొట్ట కోస్తాం. లోపల ఆడదానికుండే జన సంచి ఉందా, మగదానికుండే పాల సంచి ఉందా, అది పచ్చిగా ఉందా, పండిందా, గుడ్లు వదిలేసి వాడిపోయిందా అని చూస్తాం. ఒక ముక్కని పలచగా కోసి గాజు పలక మీద పెట్టి సూక్ష్మదర్శిని కింద మళ్ళీ చూస్తాను. ఏ చేప ఎంత పొడుగుకి ఎదిగితే పిల్లల తల్లి అవుతుందో తేలితే, అంతకంటే చిన్నదాన్ని పట్టొద్దని ఊళ్ళకి చెప్పొచ్చు. పెళ్ళి కాని పిల్ల చేపల పెళ్ళీడు చూస్తోందని నువ్వు ఎలాగూ అంటావు. అందుకే నేనే ముందు అనేశాను.

కవకవ చేపల సంగతి చాలావరకు తేలింది. తేలనిది వరివోదే అనే నుదురు బుడిపె చేప సంగతే. ఎక్కడా పెద్దగా మిగలని చేప కదా, బజారుకి వచ్చేవన్నీ నా మోచేతి పొడుగు పిల్లలు. ఎవరికీ ఈడు రాలేదు పాపం. పగడపు దిబ్బల మధ్య మన పాయలో తిరిగే, నువ్వు తాత అని పిలిచే ముసలి వరివోదే లాంటిది ఒక్కటి లోపల ఎలా ఉంటుందో చూడగలిగితే నా పని పూర్తయిపోతుంది మామయ్యా.

ఈ పడవలోనే ముక్కలు కుళ్ళకుండా ఉంచే మందునీళ్ళ సీసాలు పంపుతున్నాను. కవకవలు పట్టినప్పుడు జన సంచులు అందులో వేసి పంపు. మూత గట్టిగా బిగించు, ఆ నీళ్ళు కంట్లో పడితే మంట.

నిన్ను తలుచుకుంటూ,
నీ సలసేని


వునీవేసి
9 ఏప్రిల్ 2007

అక్క కూతురికి,

దేవుడి దయవల్ల నా ఒళ్ళంతా బాగుంది, మోకాలు తప్ప. కొత్త పాస్టరు ప్రసంగం ఎంత సాగదీస్తాడంటే, లోపలికి వెళ్ళేటప్పుడు పోటు మీద ఉన్న సముద్రం బయటికొచ్చేసరికి తీసేసి ఉంటోంది. మీ అత్తయ్య సమాధి మీద గులకరాళ్ళు మార్చాను. తెల్లవి ఏరి తెచ్చాను. ఆవిడ బతికుంటే అందులో సగం బాగాలేవని తీసి పారేసేది.

నువ్వు అడిగింది పంపుతున్నాను. నువ్వు మా ఆడబిడ్డ కన్న బిడ్డవి, మాకు వాసువి. వాసు నోరు తెరిచి అడిగాక తల్లి పుట్టింటివాళ్ళు లేదనకూడదు. మా పందిని తోలుకుపోయినా, పడవని విప్పుకుపోయినా, పడుకున్న చాపని కింద నుంచి లాక్కుపోయినా నీకు హక్కుంది. నువ్వు అడిగింది ఒక చేప పొట్టలోని సంచి.

పగలే వెళ్ళాను. రాత్రి అది గుహలో నిద్రపోతున్నప్పుడు పొడవడం దొంగతనం. నీళ్ళు తీసే వేళకి పాయ దగ్గర దిగాను. తాత దాక్కోలేదు. నన్ను చూసి ఎప్పటిలాగే దగ్గరికొచ్చాడు. అక్కడితో ఆపుతాను.

సంచి ఒక సీసాలో పట్టక ముక్కలు చేసి మూడింటిలో పెట్టాను. తలని ఊరిని ఏలే పెద్దాయన ఇంటికి పంపాం. మిగతాది ఊరంతా కొబ్బరిపాలలో వండుకు తిన్నారు. మా నాన్న హయాం నుంచీ ఆ పాయలో ఉన్న చేప అని అందరూ చెప్పుకున్నారు. నాకు ఆ రోజు ఆకలి వేయలేదు.

నీ పని పూర్తయింది కదా. ఇక ఒకసారి వచ్చి కనపడు.

మామయ్య పెనియాసి


సువా
2 మే 2007

మామయ్య గారికి,

సీసాలు అందాయి. మూడు సీసాలు బల్ల మీద పెట్టుకుని సాయంత్రం దాకా మూత తీయలేకపోయాను.

నేనెప్పుడు అడిగాను? ఒక్కసారి చూడగలిగితే బాగుండునన్నాను. వాన పడకపోతే బాగుండునని కూడా అంటాను. మీరు అలాగే వానని కూడా ఆపేస్తారా? ఆ చేప ఉండాలనే నేను రోజంతా మందు వాసనలో కూర్చుంటున్నాను. మిగతా వాళ్ళు దొంగచాటుగా పొడుస్తారని భయపడ్డాను గాని, మీ చేత్తోనే జరుగుతుందని ఊహించలేదు.

చూశాను. చూడకుండా ఎలా ఉంటాను? పాల సంచి, పూర్తిగా పండింది. ఆ రోజో మర్నాడో పాయలో పాలు వదిలేవాడు. సూక్ష్మదర్శిని కింద ఇంకొకటి కనిపించింది. ఆ పాల సంచి మధ్యలో ఖాళీ గది ఉంది. అది జన సంచికి ఉండే గది. వరివోదేలన్నీ ఆడవిగానే ఈడుకొస్తాయని, ముదిరాక వాటిలో కొన్ని మగవి అవుతాయని విన్నాను గాని చూడటం ఇదే మొదటిసారి. మీరూ మా తాతయ్యా "తాత" అని పిలిచిన చేప ఒకప్పుడు అమ్మమ్మ. ఎన్నో ఏళ్ళు గుడ్లు పెట్టి, ఆ తర్వాత తండ్రి అయిన చేప అది.

అంటే పాయలో ఇప్పుడు మిగిలినవన్నీ ఆడవే కదూ? ఇంకో పెద్ద మగది ఎప్పుడైనా చూశారా?

మా పెద్ద మేడమ్ ఆ గాజు పలకలు చూసి చప్పట్లు కొట్టింది. అందరినీ పిలిచి చూపించింది. నేను బయటికెళ్ళి మెట్ల మీద కూర్చున్నాను. అమ్మ ఉంటే మిమ్మల్ని ఆపేది.

సలసేని


వునీవేసి
30 జూన్ 2007

సలసేనికి,

పడవ ఇంజను పాడై రెండు నెలలుగా ఇటు రాలేదు. అందుకే ఆలస్యం. అలిగి కాదు. అలిగానేమో కూడా.

ఉత్తరంలో నన్ను మీరు అన్నావు. చిన్నప్పుడు నా భుజం మీద ఎక్కి జుట్టు పీకుతూ నువ్వు అనేదానివి. మీ అత్తయ్య పోయాక ఈ ఇంట్లో నన్ను నువ్వు అనేవాళ్ళు ఎవరూ లేరు. ఊళ్ళో అందరికీ నేను పెద్దవాణ్ణి. చేపల విషయంలో నా మాట విని తలూపుతారు, యంగోనా వేరు రసం గిన్నె నాకు ముందు అందిస్తారు, ఆ తర్వాత ఎవరిళ్ళకి వాళ్ళు పోతారు.

నువ్వు పుట్టిన దగ్గర్నుంచి మమ్మల్ని ఏమీ అడగలేదు. మిగతా వాళ్ళ వాసులు వచ్చి కోళ్ళూ చాపలూ ఎత్తుకుపోతుంటే వాళ్ళ మామలు పైకి తిట్టుకుంటూ లోపల మురిసిపోవడం చూస్తూ ఉండేవాణ్ణి. నాకు పిల్లలు లేరు. మీ అక్క కూతురికి సువా నీళ్ళు ఒంటబట్టాయి, ఇక్కడివి దేనికీ పనికిరావు అని ఎగతాళి చేసినవాళ్ళూ ఉన్నారు. అలాంటిది ఇన్నేళ్ళకి మొదటిసారి ఒకటి అడిగావనుకున్నాను. ఉత్తరం చదివి పక్కింటి తైటో దగ్గరికి వెళ్ళి, మా వాసు అడిగిందిరా అని చెప్పాను. ఆ సంతోషంలో ఆలోచించలేదు. నాకు వేరే సంజాయిషీ లేదు.

మగది ఇంకోటి లేదు. నేను రోజూ వెళ్ళి చూస్తున్నాను. నీళ్ళు తీసే వేళకి ఆడవన్నీ ఎప్పటిలాగే పాయ మొగలోకి వస్తాయి. పొట్టలు ఉబ్బి ఉంటాయి. వరసగా నిలబడి ఎదురుచూస్తాయి. మునుపు ఆ మగది కింద నుంచి వచ్చి ఒక్కొక్కదాని పక్కన చేరి పైకి లేచేది. ఇప్పుడు రాదు. నీళ్ళు పూర్తిగా తీసేదాకా ఉండి, ఒక్కొక్కటీ వెనక్కి పోతాయి. మర్నాడు మళ్ళీ వస్తాయి.

మా పెద్దాయన పోయాడు. జూన్ మొదట్లో. ఊరంతా శోకంలో ఉంది, సముద్రం మూసేశాం, సంతాపం తీరేదాకా ఎవరూ చేప పట్టకూడదు.

అక్క ఉంటే ఆపేదన్నావు. ఆపేది. నిజమే.

పెనియాసి


సువా
11 ఆగస్టు 2007

మామయ్యా,

నువ్వు. నువ్వు, నువ్వు, నువ్వు. చాలా? ఆ ఉత్తరం పోస్టు చేసిన మర్నాడే వెనక్కి తీసుకుందామని పడవ రేవుకి పరిగెత్తాను. పడవ వెళ్ళిపోయింది. తర్వాత రెండు నెలలు ఇంజను పాడైందని తెలియక, నువ్వు నా పేరే కొట్టేశావనుకున్నాను. ఆదివారం నాడు ఇక్కడున్న మన ఊరివాళ్ళు కలిసే చర్చికి వెళ్ళి వెనక బల్ల మీద కూర్చుని, నీ గురించి ఎవరైనా మాట్లాడతారేమోనని వినేదాన్ని. ఎవరూ నీ మాట ఎత్తలేదు. నేనూ అడగలేదు, నీ వాసుకే నీ కబురు తెలియదంటే సిగ్గని.

తప్పు నీ ఒక్కడిది కాదు. నేను పట్నంలో ఉండి మాట విసరడం నేర్చుకున్నాను. ఇక్కడ ఎవరేమన్నా ఎవరూ పట్టించుకోరు. నా మాటని పట్టించుకునే మనిషి ఒకడున్నాడని మరిచిపోయాను.

ఇది శ్రద్ధగా చదువు. మగది పోతే, మిగిలిన ఆడవాటిలో అన్నిటికంటే పెద్దది ఆ చోటు తీసుకోవచ్చు. జరగొచ్చు, జరగకపోవచ్చు. ఎన్నాళ్ళు పడుతుందో ఎవరికీ సరిగ్గా తెలియదు. నువ్వు రోజూ వెళ్తున్నావు కాబట్టి కాస్త కనిపెట్టి ఉండు. అన్నిటికంటే పెద్దది ఏది, దాన్ని గుర్తుపట్టే మచ్చ ఏమైనా ఉందా, నుదురు ఉబ్బుతోందా, ఒళ్ళు నీలంగా తిరుగుతోందా, మిగతా వాటితో ఎలా మెలుగుతోంది, అంతా రాయి. ప్రతిదీ నాకు కావాలి.

నా ఉద్యోగం డిసెంబరు దాకానే. ఆ తర్వాత పొడిగిస్తారో లేదో మేడమ్ చెప్పడం లేదు.

నీ సలసేని


వునీవేసి
20 అక్టోబరు 2007

తల్లీ,

నువ్వు అని అన్నిసార్లు రాసినదాన్ని తైటోకి చదివి వినిపించాను. వాడికి అందులో విశేషమేమిటో అర్థం కాలేదు.

పెద్దది ఏదో తెలిసింది. తోక పైకొన చిరిగి ఉంటుంది. మిగతా వాటిని ముక్కుతో పొడిచి పక్కకి తోస్తుంది, మంచి రాయి దొరికితే ఇంకెవరినీ రానివ్వదు, నేను దగ్గరికెళ్తే ఒక కన్ను తిప్పి, ఏం పని లేదా అన్నట్టు చూస్తుంది. దానికి మీ అత్తయ్య పేరు పెట్టాను. ఉనైసి. తప్పుగా అనుకోకు, ఆవిడకి ఇష్టమయ్యే ఉండేది. ఇంట్లో మగాడు లేకపోతే ఇల్లు ఆగిపోతుందా అని ఆవిడే అనేది.

ఉనైసికి నుదురు ఉబ్బుతోంది. మొదట నీళ్ళ వల్ల అలా కనిపిస్తోందనుకున్నాను. కాదు, ఉబ్బుతోంది. మొహం మీది ఎరుపు తగ్గింది. పోయిన వారం నీళ్ళు తీసే వేళ మిగతావి నిలబడి ఉంటే, అది వాటి చుట్టూ ఒక తిప్పు తిరిగి వచ్చింది. పైకి లేవలేదు.

ఇంకో సంగతి. పెద్దాయన కొడుకుని కొత్త సంవత్సరానికి పీటమీద కూర్చోబెడుతున్నారు. ఆ విందుకి పెద్ద వరివోదే లేకపోతే మన ఊరి పరువు పోతుందట. తెచ్చిపెట్టే పని నాదేనని మొన్న ఊరి సభ గుడిసెలో తీర్మానించారు. పాయలో ఇప్పుడు అంత పెద్దది ఒక్కటే ఉందని వాళ్ళకీ తెలుసు, నాకూ తెలుసు. పెద్దాయన ఇంటికి చేపలు పట్టే వంశం మాది, నేను కాదనలేను. మా తాతలెవరూ అనలేదు.

నీ ఉత్తరం నాలుగైదు సార్లు చదివాను. ప్రతిదీ నాకు కావాలి అని రాశావు. దీని సంచి కూడా కావాలనా? మారుతున్న చేప లోపల ఎలా ఉంటుందో నీకు అవసరమే కదా. కావాలంటే చెప్పు. విందుకి ముందే నీకిస్తాను, ఈటెకి పదును పెట్టే ఉంది. కాని ఈసారి సగం మాటతో అడగకు. ఏం కావాలో నోరు తెరిచి అడుగు. నేను ముసలివాణ్ణి, నాకు సైగలు అర్థం కావు.

మామయ్య


సువా
16 నవంబరు 2007

మామయ్యా,

నీ ఉత్తరాన్ని తెలివితక్కువగా ఆఫీసులో చదివాను. మొహం చూసి మేడమ్ ఏమైందని అడిగితే చెప్పేశాను. ఆమె కుర్చీలోంచి లేచి నిలబడింది. "మధ్యలో ఉన్న చేప. ఆడదీ కాదు, మగదీ కాదు. అలాంటి పలక మన దగ్గర ఒక్కటి కూడా లేదు. ఎలాగూ విందుకి చంపుతారుగా సలసేనీ, మనం అడిగేది లోపలి సంచే" అంది. ఆ పలక ఉంటే నా ఉద్యోగం ఇంకో రెండేళ్ళు పొడిగించే మాట తన మీద వదిలేయమంది. చెడ్డ మనిషి కాదు. ఎలాగూ చంపుతారన్న మాట నిజమే కదా అని నేనూ రెండు రోజులు అనుకున్నాను. ఉత్తరం రాశాను కూడా. రాసి, మందునీళ్ళ సీసాలు కడిగి పెట్టుకున్నాను.

తర్వాత బజారుకెళ్ళి ఎప్పటిలాగే చేపలు కొన్నాను. మోచేతి పొడుగు వరివోదే ఒకటి ఉంది. బల్ల మీద పెట్టి కోశాను. పచ్చిగా ఉంది, దారం లాంటి సంచి. ఇన్నాళ్ళుగా నేను చూస్తున్నవన్నీ ఇవే, ఏమీ కాకముందే నా బల్ల మీదికి వచ్చినవి. ఏదో ఒకటి అయి, ఇంకొకటి అవుతున్నది ఈ లోకంలో నాకు తెలిసింది ఒక్కటే ఉంది. ఆ ఉత్తరం చించేశాను.

నోరు తెరిచి అడగమన్నావు. అడుగుతున్నాను. ఇది ఉత్తరంలా కాదు, గుడిసెలో నలుగురి ముందు చదవడానికి రాస్తున్నాను. నీ పెట్టెలో అమ్మ పెళ్ళికి మా నాన్నవాళ్ళు ఇచ్చిన తంబువా ఉంది కదా, ఆ తిమింగలం పన్ను ముందు పెట్టి చదువు.

నేను సలసేని, ఈ ఊరి ఆడబిడ్డ మెరేవాలెసి కూతుర్ని, ఈ ఊరి వాసుని. పుట్టిన దగ్గర్నుంచి మిమ్మల్ని ఏమీ అడగలేదు. పందిని అడగలేదు, చాపని అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నాను. పాయలో తోక చిరిగిన వరివోదే నాకు కావాలి. ప్రాణంతో కావాలి, ఉన్న చోటే కావాలి. ఇప్పటినుంచి అది నాది. పెద్దాయన విందుకి గాని, సువాలో ఏ బల్ల మీదికి గాని, నా సొత్తుని ఎవరూ ముట్టకూడదు.

ఇంతే మామయ్యా. వాళ్ళు నవ్వితే నవ్వనీ.

మేడమ్‌కి చెప్పాను. ఆమె కిటికీ వైపు తిరిగింది. నా పని డిసెంబరుతో సరి. ఆ తర్వాత లౌటోకాలో ఒక బడిలో సైన్సు చెప్పే ఖాళీ ఉందంటున్నారు. అక్కడ వాన తక్కువట.

నీ వాసు,
సలసేని


వునీవేసి
13 జనవరి 2008

సలసేనీ,

చదివాను. తంబువా ముందు పెట్టి, మోకాలు నొప్పెట్టినా సరిగ్గా కూర్చుని, చదివాను. తైటో నవ్వు ఆపుకోలేక బయటికెళ్ళాడు. ఎవరో, ఆడపిల్ల సముద్రంలో ఉన్నదాన్ని అలాగే అట్టేపెట్టమనడం ఎక్కడైనా విన్నామా అన్నారు. పీటెక్కబోయే కుర్రాడు చాలాసేపు ఆ పన్ను వైపే చూశాడు. "వాసు అడిగాక నేను కాదంటే నా పెద్దరికం మొదటి రోజే నవ్వులపాలవుద్ది" అని చేత్తో తాకి పుచ్చుకున్నాడు. విందుకి పందిని కోశారు. పెద్ద పంది. పరువు ఏమీ పోలేదు.

నువ్వు అడిగింది ఇచ్చాను. ఆ సాయంత్రం ఇంటికొచ్చి కడుపునిండా తిన్నాను. పోయిన ఏప్రిల్ తర్వాత అలా తినడం అదే మొదలు.

లౌటోకా మంచి ఊరే అంటారు. పిల్లలకి పాఠం చెప్పడం మంచి పని. నీకు ఉద్యోగం పోయిందని తెలిసి అక్కకి ఏమని చెప్పుకోవాలో తెలియక, సమాధి దగ్గరికెళ్ళి ఊరికే నిలబడి వచ్చాను.

నీ చేప సంగతి. ఒళ్ళు బాగా నీలం తిరిగింది. నిన్న నీళ్ళు తీసే వేళకి పాయలో దిగి రాతిని పట్టుకుని ఉన్నాను. ఆడవి వచ్చి నిలబడ్డాయి. ఉనైసి కింద నుంచి వచ్చి, ఒకదాని పక్కన చేరి, దాని చుట్టూ తిరిగి, తాత లేచినట్టే పైకి లేచింది. ఆ ఆడది కొంచెం దూరం దాని వెంట వచ్చింది. సగంలో ఆగి వెనక్కి తిరిగింది. ఉనైసి ఒక్కతే నీటి పైదాకా వెళ్ళి, అక్కడ కాసేపు ఉండి, ఒక్కతే కిందికి దిగింది.

దానికి పాలు వచ్చాయో లేదో నాకు తెలియదు. తెలుసుకోవాలంటే కోయాలి. కోయడానికి అది నాది కాదు. కాబట్టి రేపు మళ్ళీ వెళ్తాను, ఎల్లుండీ వెళ్తాను. నా కళ్ళు మునుపటిలా లేవు. నీటిలో పాల మసక లేచినా గుర్తుపడతానో లేదో. అది చూడటం నేర్చుకున్నది నువ్వు.

పడవ ప్రతి నెలా వస్తోంది, ఇంజను మార్చారు. అది వచ్చినప్పుడల్లా రేవుకెళ్తున్నాను. నీకిచ్చింది ఇక్కడే ఉంది. పుచ్చుకున్న నువ్వే ఇంకా రాలేదు.

మామయ్య